పదకొండో ఫారం దగ్గర ముడి

మన బైండింగు పనివాళ్ల సంఘానికి యాభై ఏళ్లు నిండాయని సంచిక వేస్తున్నారు. అందరికంటే పెద్దవాణ్ణి కాబట్టి నా జీవితం గురించి నాలుగు పేజీలు రాసివ్వమని కార్యదర్శి ఇంటికొచ్చి అడిగాడు. రాయడానికి నాకు కొదవేమీ లేదు. ఊరి బడిలో ఐదో తరగతి చదివాను. చూచిరాతలో బడి మొత్తానికి మొదటివాణ్ణి. పద్నాలుగో ఏట ఈ పనిలో చేరి నలభై ఎనిమిదేళ్లు చేశాను, ఇంకా చేస్తున్నాను. కోర్టు రికార్డులు, ఆసుపత్రి రిజిస్టర్లు, మూడు లైబ్రరీల పుస్తకాలు నా చేతి మీదుగా వెళ్లాయి. నేను కుట్టిన పుస్తకం వీపు విరిగి వెనక్కి వచ్చింది ఇన్నేళ్లలో ఒక్కటే. అదైనా కొన్నవాడు దాన్ని తలుపుకు అడ్డం పెట్టబట్టి విరిగింది.

ఇవన్నీ సంఘంలో అందరికీ తెలిసినవే. తెలియనివాళ్లకు నేనే చెప్పి ఉంటాను. అందుకని ఈ నాలుగు పేజీలూ మా మేనకోడలికి ఇస్తున్నాను.

ఆమెను షాపులో అందరూ సూదమ్మ అంటారు. మా అక్క కూతురు. బావ పోయిన ఏడాది, పద్దెనిమిదేళ్ల పిల్లను అక్క నా ముందు నిలబెట్టి, "దీనికి ఇరవై నాలుగు గంటలూ నోరే ఆడుతుంది. చేతులకి కూడా ఏదైనా పని చెప్పరా తమ్ముడూ" అంది.

మా పని తెలియనివాళ్లు కూడా ఈ సంచిక చదవవచ్చు కాబట్టి ఒక మాట చెప్తాను. పదహారు పేజీల మడతను మేము ఫారం అంటాం. ఫారం మధ్యలోకి సూది దింపి, చట్రం మీద బిగించిన తాళ్ల చుట్టూ దారం తిప్పి, పై ఫారంలోకి వెళ్తాం. దారం ఎక్కువ బిగిస్తే కాగితం చిరుగుతుంది, తక్కువ బిగిస్తే పుస్తకం వదులైపోతుంది. ఆ బిగువు కంటికి కనబడదు. కుడిచేతి చూపుడు వేలి చివరా మధ్యవేలి చివరా తెలియాలి. నాకు అది తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. సూదమ్మకు నాలుగు నెలలు పట్టింది. ఈ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

ఆమెకు ఉన్న చెడ్డ అలవాటల్లా కుట్టేదాన్ని చదవడం. ఏ ఫారం చేతికొస్తే అది చదివేది. ఒకసారి గట్టిగానే అడిగాను.

"ఏమే, నీకు జీతం ఇచ్చేది కుట్టడానికా, చదవడానికా?"

"కుట్టడానికే మామయ్యా. చదవడం నీకు ఉచితంగా చేసిపెడుతున్నా."

పదహారేళ్లు ఇలాగే గడిచాయి. ఆమెకు పెళ్లయింది. అల్లుడు లారీ నడుపుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. అతను లేని రోజుల్లో అక్కకు తోడుగా అక్క ఇంట్లోనే ఉండి పనికి వచ్చేది.

మూడేళ్ల కిందట ఒక మంగళవారం పొద్దున, సూదమ్మ చట్రం ముందు కూర్చుని ఒక పాత నిఘంటువు కుడుతోంది. రిటైరైన బడిపంతులు ఒకాయన, మేమంతా మాస్టారు అంటాం, తన తండ్రి వాడిన పుస్తకమని తెచ్చి ఇచ్చాడు. ఇరవై ఆరు ఫారాలు. పదకొండు కుట్టడం అయింది. ఆ రోజు కటింగ్ మిషన్ మీద పనిచేసే అతను రాలేదు. "ఈ ఒక్క దొంతర కోసిపెట్టి వెళ్లవే" అని పిలిచింది నేనే.

ఆ మిషన్‌కు రెండు మీటలు. ఎడమ చేత్తో ఒకటి, కుడి చేత్తో ఒకటి, రెండూ కలిపి నొక్కితేనే కత్తి దిగుతుంది. రెండు చేతులూ మీటల మీదుంటే కత్తి కింద చెయ్యి ఉండే వీలు లేదు. దాన్ని తయారుచేసినవాడు అంత ఆలోచించి చేశాడు. కానీ మన పాతవాళ్ల సంగతి మీకు తెలుసు. దొంతరలో గాలి ఉంటే అంచు వంకర పోతుందని, కత్తి దిగే దాకా కాగితాన్ని అదిమిపట్టుకోవాలని మన చేతులు కొట్టుకుంటాయి. ఒక చెయ్యి ఖాళీగా ఉండడం కోసం నేను కుడివైపు మీటను నొక్కిపెట్టి, మైనం పట్టించిన కుట్టుదారంతో కట్టేశాను. అందరూ ముడికి రెండు చుట్లు తిప్పుతారు, నేను మూడు తిప్పుతాను. అది జారదు. మా షాపు అంత వేగంగా కోసే షాపు ఇంకొకటి లేదని చెప్పుకుంటూ పదేళ్లు గడిపాను. ఆ పదేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు.

రక్తం గురించి రాయను. ఆమె కుడిచేతి చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరం వేలు, మూడూ నడిమి కణుపుకు కొంచెం పైన తెగి, కాగితాల పక్కన పడ్డాయి. నేను ఆమె చేతిని గుడ్డతో అదిమి పైకెత్తి పట్టుకుని, ఐసు తెమ్మని కేక వేశాను. పక్క పళ్లరసం కొట్టువాడు బకెట్టు నిండా తెచ్చాడు. వేళ్లను ఆ ఐసులో వేయబోతే సూదమ్మ నా చొక్కా పట్టుకుంది.

"నేరుగా వెయ్యకు మామయ్యా. ముందు శుభ్రమైన తడిగుడ్డలో చుట్టు. తర్వాత ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టు. ఆ కవరు ఐసు మీద పెట్టాలి. ఐసు వేళ్లకి తగలకూడదు."

"నీకెవరు చెప్పారే?"

"మనం కుట్టాం కదా, ప్రథమ చికిత్స పుస్తకం. నాలుగో ఫారం."

ఆ పుస్తకం మా షాపులోనే పదివేల కాపీలు తయారైంది. అందులో సగానికి పైగా నేను కుట్టినవే. నాలుగో ఫారంలో ఏముందో నాకు తెలియదు.

ఆసుపత్రిలో చేతి ఆపరేషన్లు చేసే డాక్టరు సన్నగా, మాటలు తక్కువగా ఉన్న మనిషి. కవరు విప్పి చూసి, "బాగా తెచ్చారు" అన్నాడు. తర్వాత దీపం కింద పెట్టి, "కోత శుభ్రంగా ఉంది. నలిగి ఉంటే నేనేమీ చేయలేకపోయేవాణ్ణి. కత్తి మంచి పదును మీద ఉన్నట్టుంది" అన్నాడు.

"ప్రతి శనివారం నేనే పదును పెట్టిస్తానండి" అన్నాను. నలభై ఐదేళ్ల అలవాటు, నోరు ఆగలేదు. అప్పుడే పరుగున వచ్చిన మా అక్క ఆ మాట విని నన్ను ఒక చూపు చూసింది.

డాక్టరు లోపలికి వెళ్లిపోయాక అక్క బల్ల మీద నా పక్కనే కూర్చుని మెల్లగా అంది. "ఒరేయ్, నువ్వు కుట్టిన పుస్తకం వీపు విరగలేదని ఊరంతా చెప్పుకుంటావు. నా కూతురి చెయ్యి సంగతి ఎవరికి చెప్పుకుంటావు?"

తొమ్మిది గంటలు ఆ బల్ల మీదే కూర్చున్నాం. అక్క మళ్లీ మాట్లాడలేదు, లేచి వేరే చోట కూడా కూర్చోలేదు.

బయటికి వచ్చాక డాక్టరు అంతా వివరంగా చెప్పాడు. ముందు ఎముకలకు సన్నని తీగలు దూర్చి నిలబెట్టారు. తర్వాత వేలును వంచే, చాచే నరాలాంటి తాళ్లు కుట్టారు. ఆ తర్వాత రక్తనాళాలు, చివరికి స్పర్శ తెలిపే నరాలు. అదంతా సూక్ష్మదర్శిని కింద.

"మీరు ఏ దారంతో కుట్టారండి?" అని అడిగాను.

ఆయన ఒక పొట్లం తెచ్చి చూపించాడు. అందులో దారం ఉందన్నాడు. నాకు కనబడలేదు. వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పితే ఒక్కసారి మెరిసింది. ఒక్కో రక్తనాళానికి చుట్టూ ఏడెనిమిది కుట్లు వేశానన్నాడు. నేను ఎవరి కుట్టునూ తొందరగా మెచ్చుకోను. ఆ రోజు లేచి నిలబడి దణ్ణం పెట్టాను.

తర్వాతి వారం రోజులు ఆ గదిలో ఒకటే కాపలా. గది వెచ్చగా ఉండాలి. గంటగంటకూ నర్సు వచ్చి వేలి చివర నొక్కి, రంగు తిరిగి వస్తోందా లేదా చూసేది. పొగాకు వాసన కూడా రాకూడదన్నారు, దాని వల్ల రక్తనాళాలు ముడుచుకుంటాయట. ముప్ఫై ఐదేళ్లుగా రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చినవాణ్ణి. జేబులోది తీసి చెత్తబుట్టలో వేశాను, మళ్లీ ముట్టలేదు. దీన్ని కూడా నేను సాధించినవాటిలో రాసుకోండి.

మూడో రోజు మధ్యవేలు నీలంగా మారింది. వేలిలోకి రక్తం వెళ్తోంది కానీ తిరిగి రావడం లేదన్నారు. నర్సు ఒక సీసా తెచ్చింది, అందులో జలగలు. ఇంత పెద్ద ఆసుపత్రిలో జలగలేమిటని నేను నోరు తెరిచాను. నిలిచిపోయిన రక్తాన్ని అవి లాగేస్తే, ఈలోపు కొత్త దారులు ఏర్పడతాయట. సూదమ్మ మొహం పాలిపోయి ఉంది, అయినా నా వైపు తిరిగింది.

"పదహారేళ్లు నా రక్తం తాగింది నువ్వు ఒక్కడివే అనుకున్నా మామయ్యా. నీకు పోటీ వచ్చింది."

అక్క నవ్వింది. ఆ గదిలో అదే మొదటి నవ్వు.

మధ్యవేలు నిలబడింది. చూపుడు వేలు మొదటి నుంచీ బాగానే ఉంది. ఉంగరం వేలు ఆరో రోజుకు నల్లబడింది. దాన్ని తీసేశారు.

ఇంటికి పంపేముందు ఆమె డాక్టర్ని అడిగింది. "నేను సూది పట్టుకోగలనా?"

"పట్టుకోవడం వరకు సాధనతో వస్తుందమ్మా. పట్టుకున్నట్టు వేలికి తెలియడం వేరే సంగతి. కుట్టిన చోటు నుంచి నరం రోజుకి మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగాలి. కొందరికి చివరి దాకా వస్తుంది, కొందరికి రాదు. బతికించడం నా వంతు, ఇక మీద అంతా మీ వంతు."

బయట మెట్ల మీద ఆమె నాతో అంది. "వేలికి తెలియకపోతే నేను మళ్లీ చట్రం ముందు కూర్చోను మామయ్యా. కళ్లతో చూసుకుంటూ కుట్టేది కుట్టు కాదు. ఆ మాట నువ్వే చెప్పావు."

చెప్పాను. చెప్పినప్పుడు అది నాకే ఇలా ఎదురొస్తుందని అనుకోలేదు.

ప్రమాదం జరిగిన మర్నాడు షాపుకు వెళ్లి నేను మొదట చేసింది మీట మీది కట్టు కోసేయడం. తర్వాత మన సంఘంలోని షాపులన్నీ తిరిగాను. పదిహేడు షాపుల్లో పదకొండు మిషన్లకు అలాంటి కట్లే ఉన్నాయి. కొందరు నవ్వారు, కొందరు కసిరారు. జరిగింది చెప్పి, నా ఎదుటే కోయించి వచ్చాను. మీలో చాలామందికి ఆ రోజు గుర్తుండే ఉంటుంది.

మాస్టారి నిఘంటువు చట్రం మీద అలాగే ఉంది. దారం జారిపోకుండా, ఆ మర్నాడే పదకొండో ఫారం దగ్గర నేను ఒక ముడి వేసి గుడ్డ కప్పాను. మిగతా పదిహేనూ నేనే కుట్టేస్తే ఒక్క పూట పని. చెయ్యలేదు. మాస్టారి ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను.

"ఉండనివ్వండి. ఈ వయసులో నాకు కొత్త మాటలతో పనేముంది? ఉన్నవే మర్చిపోతున్నా" అన్నాడాయన.

ఆరు వారాలకు తీగలు తీసేశారు. అప్పటికి ఆ రెండు వేళ్లూ కడగకుండా వదిలేసిన జిగురు బ్రష్షులా బిగుసుకుపోయి ఉన్నాయి. చేతికి వ్యాయామం నేర్పే అమ్మాయి ఒకామె ఉండేది, ఫిజియో అమ్మాయి అనేవాళ్లం. వయసులో చిన్నదే, పట్టుదలలో మా పాత మేస్త్రీని మించింది. ఒక కణుపు పట్టుకుని పై కణుపు మాత్రమే వంచాలి, గంటకు పదిసార్లు. తర్వాత మెత్తని ముద్దను పిసకడం, గిన్నెలోంచి గింజలు ఏరడం, బట్టల క్లిప్పులు తీగకు పెట్టడం, చొక్కా గుండీలు పెట్టడం. మొదటి గుండీ పెట్టడానికి పావుగంట పట్టింది. అల్లుడు ఇంట్లో ఉన్న రోజుల్లో ఆమె జడ అతనే వేసేవాడు, అది లారీ సామానుకు కట్టిన తాడులా ఉండేది. చలిగా ఉన్న పొద్దుల్లో ఆ వేళ్లు సలుపుతుంటే చేతికి తొడుగు వేసుకుని కూర్చునేది. ఒకసారి వేడి గ్లాసు పట్టుకుని వేలు కాలినా తెలియలేదు, అక్క చూసి కేక వేస్తే వదిలేసింది.

నాలుగో నెలలో ఫిజియో అమ్మాయి, కళ్లు మూసుకుని రకరకాల వస్తువులు వేళ్లతో తాకి గుర్తుపట్టమంది. దూది, గరుకు కాగితం, గుడ్డ, ఏదైనా సరే. నరం పెరుగుతున్నప్పుడు మెదడుకు మళ్లీ నేర్పాలట. దూదీ గుడ్డా ఎందుకు, మన దగ్గర అంతకంటే మంచి సరుకు ఉంది కదా అనిపించింది. ఇరవై అరలున్న పెట్టె ఒకటి తయారుచేశాను, పైన అట్టలకు అతికించే నల్ల కాలికో గుడ్డ, లోపల ఇరవై రకాల కాగితాలు. బాండు, న్యూస్‌ప్రింటు, ఆర్టు కాగితం, ట్రేసింగు, బ్లాటింగు, క్రాఫ్టు, ఇలాగ. అంత అందమైన పెట్టె ఏ ఆసుపత్రిలోనూ ఉండదు.

రోజూ సాయంత్రం అక్క ఇంట్లో సాధన. ఆమె కళ్లకు గుడ్డ కట్టి నేను ఒక్కో కాగితం వేలి కింద పెట్టి జరిపేవాణ్ణి. మొదటి వారం ఇరవైకి ఏడు. రెండో వారం పన్నెండు. నెల తిరిగేసరికి ఇరవైకి ఇరవై.

నేను ఆగలేకపోయాను. షాపులో చెప్పాను, పళ్లరసం కొట్టువాడికి చెప్పాను, మాస్టారికి చెప్పాను. తర్వాతిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు పెట్టె పట్టుకుని నేనూ వెళ్లాను.

"చూడమ్మా, ఇరవైకి ఇరవై. నీ దగ్గరికి వచ్చినవాళ్లలో ఇలాంటివాళ్లు ఎంతమంది?"

ఫిజియో అమ్మాయి సొరుగు తెరిచింది. సన్నని నైలాన్ పోగు తీసి, సూదమ్మను కళ్లు మూసుకోమని, పోగుతో వేలి చివర తాకింది. "తాకినప్పుడల్లా చెప్పండి" అంది. సూదమ్మ ఒక్కసారీ చెప్పలేదు. ఇంకొంచెం లావు పోగు తీసింది. అప్పుడూ చెప్పలేదు. ఫిజియో అమ్మాయి పెట్టె వైపు చూసి కాసేపు ఆలోచించింది. ఒక కాగితం తీసి, సూదమ్మ చేతికి తగలకుండా, ఆమె ముందు గాల్లో ఒకసారి కదిపింది.

"బాండు కాగితం" అంది సూదమ్మ, కళ్లు మూసుకునే.

ఇంకొకటి కదిపింది.

"ట్రేసింగు."

మన పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లం కాగితాన్ని చేత్తో గుర్తుపడతామని అనుకుంటాం. చేతితో పాటు చెవి కూడా వింటూ ఉంటుంది. ప్రతి కాగితానికీ ఒక చప్పుడు ఉంది. నెల రోజులు ఆమె చెవులతో చదివింది, నేను వేళ్లకు మార్కులు వేశాను. ఇద్దరిలో ఎవరమూ మోసం చేయలేదు. చెవులకు అడ్డం పెట్టి మళ్లీ చూస్తే ఇరవైకి రెండు వచ్చాయి, ఆ రెండూ ఊహించి చెప్పినవి.

ఇంటికి వెళ్లేదారిలో బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం అంది. "ఆ నిఘంటువు నువ్వు కుట్టేసి మాస్టారికి ఇచ్చెయ్యి మామయ్యా."

నాలుగు రోజులు పెట్టె ముట్టుకోలేదు. వ్యాయామం కూడా మానేసింది. అక్క ఫోన్ చేసి, "నీ పెట్టె తీసుకుపోరా, దాన్ని చూస్తేనే పిల్ల మొహం మాడిపోతోంది" అంది.

ఐదో రోజు వెళ్లాను, పెట్టె తీసుకురావడానికి కాదు. సూదమ్మ ఎదురుగా కూర్చుని, జేబులోంచి దూది తీసి చెవుల్లో కుక్కుకున్నాను. కళ్లకు గుడ్డ కట్టుకుని చెయ్యి చాపాను.

"ఏంటిది?" అందట. నాకు వినబడలేదు.

"కాగితాలు పెట్టు" అన్నాను. వినబడక పెద్దగానే అరిచినట్టున్నాను, వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారని అక్క తర్వాత చెప్పింది.

ఆమె పెట్టింది. నేను చెప్పుకుంటూ పోయాను. అయ్యాక గుడ్డ విప్పితే తల్లీకూతుళ్లిద్దరూ నా వైపు అదోలా చూస్తున్నారు.

"ఎన్ని?"

"పద్నాలుగు" అంది అక్క. "నలభై ఐదేళ్ల పనివాడికి."

"అబద్ధం."

"ఆర్టు కాగితాన్ని పట్టుకుని ట్రేసింగు అన్నావు మామయ్యా" అని సూదమ్మ నవ్వింది. ఆపరేషన్ తర్వాత ఆమె మనసారా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. "న్యూస్‌ప్రింటుని అయితే బ్లాటింగు అన్నావు. షాపులో చెప్పనా?"

"చెప్పుకో. నా వేళ్లకి ఏ దెబ్బా తగల్లేదు, నాకే పద్నాలుగు. నీకు రెండు వస్తే ఏడుస్తూ కూర్చున్నావు. రేపటి నుంచి షాపుకి రా."

షాపులో మడతల మిషన్ ఒకటి ఉంది. అది తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట వినాలంటే నోటి దగ్గర చెవి పెట్టాలి. ఆ మిషన్ పక్కనే ఆమెకు బల్ల వేయించాను. అక్కడ కాగితం చప్పుడు దేవుడికి కూడా వినబడదు. పొద్దున గంట, సాయంత్రం గంట. ముందు కళ్లు తెరిచి కాగితం చూస్తూ తాకడం, తర్వాత కళ్లు మూసుకుని తాకడం. ఇరవైకి రెండు. రెండు. మూడు. రెండు. ఆరో నెల అలాగే పోయింది. ఏడో నెలలో వేలి చివర చీమలు పాకుతున్నట్టు ఉందంది. అది మంచి సూచనేనని ఫిజియో అమ్మాయి చెప్పింది. అక్క మాత్రం చీమలు నిజంగానే ఉన్నాయేమోనని పరుపు దులిపింది.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున, నేను జిగురు కలుపుతుంటే, మిషన్ పక్కన సూదమ్మ ఒక్కసారిగా చెయ్యి వెనక్కి లాక్కోవడం కనబడింది. మిషన్ ఆపి పరిగెత్తాను. సూదమ్మ చూపుడు వేలు పట్టుకుని చూస్తోంది. బాండు కాగితం అంచు వేలి చివర సన్నగా గీరింది. ఒక్క చుక్క రక్తం.

"మంట" అంది. "మామయ్యా, మండుతోంది."

"ఎక్కడ?"

"ఇక్కడే. సరిగ్గా ఇక్కడే."

మన పనిలో కాగితం కోత రోజుకు నాలుగు తగులుతాయి, ఎవడూ పట్టించుకోడు. ఆ ఒక్క కోత చూడడానికి షాపులో అందరూ పని వదిలి వచ్చారు. సూదమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, మండుతున్నందుకో మరెందుకో నేను అడగలేదు. ఆమె మధ్యవేలు చాపి, "దీన్ని కూడా కొయ్యి, చూద్దాం" అంది. నేను కొయ్యలేదు. మధ్యవేలికి ఇంకో నెల పట్టింది.

తొమ్మిదో నెలలో ఆ మిషన్ మోతలోనే ఇరవైకి ఎనిమిది. పదో నెలలో పదమూడు. పదకొండో నెల మొదట్లో పదిహేను వచ్చిన రోజున ఆమె నా దగ్గరికి వచ్చి, ఇంకేమీ అనకుండా, "నీకంటే ఒకటి ఎక్కువ" అని వెళ్లిపోయింది.

మర్నాడు తనే చట్రం మీది గుడ్డ తీసి, దుమ్ము దులిపి, నిఘంటువును మిషన్ పక్క బల్ల మీదికి తెచ్చుకుంది. నేను దూరంగా నా పని నేను చేసుకుంటున్నట్టు నిలబడ్డాను. ఆమె పుస్తకం వైపు చూడలేదు. ఎదుటి గోడ వైపు చూస్తూ, కుట్టిన ఫారాల వీపు మీద చూపుడు వేలు కింది నుంచి పైకి పోనిచ్చింది. మొదటి ఫారం, రెండోది, మూడోది, దారం దాటిన ప్రతి చోటా వేలు కొంచెం నెమ్మదించింది. పదకొండో ఫారం దగ్గర ఆగిపోయింది. ముందుకు జరిపింది, వెనక్కి తెచ్చింది. చెయ్యెత్తి మిషన్ ఆపమని సైగ చేసింది.

ఆపాను.

"ఇక్కడ ముడి ఉంది. నేను వేసింది కాదు."

"దారం జారిపోకుండా అప్పట్లో నేనే వేశాను."

ఇంకోసారి వేలు ఆనించింది. ఇప్పటికీ గోడ వైపే చూస్తోంది. "లావుగా ఉంది. మూడు చుట్లా?"

"మూడు."

"మీటకి కట్టిందీ ఇలాగే కదా."

"ఇలాగే."

ఇన్ని నెలల్లో ఆ కట్టు గురించి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తి ఉండాల్సింది నేనే.

"నాదే తప్పమ్మా" అన్నాను. "కట్టిందీ నేనే, ఆ రోజు నిన్ను పిలిచిందీ నేనే."

"తెలుసు మామయ్యా. పదేళ్లు ఆ కట్టు చూస్తూ నేనూ నోరు మూసుకున్నా. నాకు నోరు ఎక్కువని అమ్మ ఊరికే అంటుంది." చిన్న కత్తెర తీసుకుంది. "కోసెయ్యనా?"

"కొయ్యి."

ముడి కోసి కింద పడేసింది. కొత్త దారానికి మైనం రుద్ది, పాత దారం కొసతో కలిపి ముడి వేయబోయింది. మొదటిసారి వేళ్లలోంచి జారింది. రెండోసారి కూడా. నా చేతులు వాటంతటవే ముందుకు వెళ్తుంటే జేబుల్లో పెట్టుకున్నాను. మూడోసారి ముడి పడింది. రెండు చుట్లే. పన్నెండో ఫారం అందుకుని మధ్యలోకి సూది దింపింది.

పదిహేను ఫారాలకు ఐదు రోజులు పట్టింది. ఒకప్పుడైతే ఒక్క పూటలో అయ్యే పని. మధ్యమధ్య చెయ్యి తొడుగులో పెట్టుకుని కాసేపు కూర్చునేది. అయ్యాక వీపుకు జిగురు పట్టించి అట్ట వేసింది నేనే, ఆమె పక్కనుండి నాకు తప్పులు చెప్పింది.

మాస్టారు వచ్చి పుస్తకం తెరిచి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "పని ఎక్కడ ఆగిందో నాకేం తెలియడం లేదే" అన్నాడు. ఆయన వెళ్లాక నేను సూదమ్మతో అన్నాను. "నాకు తెలిసింది. పన్నెండు నుంచి బిగువు కొంచెం ఎక్కువైంది."

"నాకూ తెలిసింది. వదులవుతుందేమోనని భయం వేసింది. ఇప్పుడు కుడుతున్న పుస్తకంలో సరిచేశా."

ఇది రాసేవేళకు ఆమె కుడిచేతికి నాలుగు వేళ్లు. చలికాలం ఇప్పటికీ సలుపుతాయి. చూపుడు వేలు పూర్తిగా మడవదు. కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలకు కుట్టు నేర్పుతోంది, మిషన్ పక్కన కూర్చోబెట్టి, కళ్లకు గుడ్డ కట్టి. కుట్టే ఫారం చదవమని కూడా చెప్తోంది. నేను కాదనడం మానేశాను, ఈ మధ్య నేనూ అప్పుడప్పుడు ఒక పేజీ చదువుతున్నాను.

మాస్టారి నిఘంటువు ఇప్పటిదాకా వెనక్కి రాలేదు.